ఏరిన బియ్యము – ఎవరి దాసోహము?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమికి తూర్పు కొస మన నడిగడ్డ. అదే భూమికి పడమటి భాగము రాయచూరు సీమ. ఆ సీమలోని లింగసుగూరు తాలూకా అమరేశ్వరము నుండి పన్నెండవ శతాబ్దములో ఒక పేద దంపతులు కల్యాణ పట్టణము చేరినారు. భర్త మారయ్య, భార్య లక్కమ్మ. బసవేశ్వరుని మహామనె వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య చేపట్టిన కాయకము. ఆ గింజలను వండి జంగమ దాసోహము చేయుట లక్కమ్మ పని. ఏరిన బియ్యమును కన్నడములో 'ఆయ్ద అక్కి' యందురు. అందుచేత ఆ దంపతులకు 'అయిదక్కి' యనునది ఇంటి పేరుగా నిలిచినది.

ఒకనాడు మారయ్య రోజూ తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. మరొక ఇల్లాలైనచో సంతోషించి కుండలో పోసికొనెడిది. లక్కమ్మ పోసికొనలేదు. ఈ అదనపు గింజలు ఎక్కడివని భర్తను నిలదీసి, మన అవసరమునకు మించినది మనది కాదని చెప్పి, తీసికొనిపోయి ఎక్కడివి అక్కడ పోసి రమ్మని త్రిప్పి పంపెను. శూన్యసంపాదనలో ఈ దంపతుల ఉదంతమునకు ప్రత్యేకముగా స్థానము గలదు.

మఠములలో, మాసశివరాత్రి సభలలో మనము ఈ కథను ఎన్నో పర్యాయములు విని యున్నాము. ఆశ పనికిరాదను మాటతో కథ ముగించి, ప్రసాదము స్వీకరించి లేచి వచ్చుట పరిపాటి. నేనును అట్లే లేచి వచ్చినవాడనే. కాని 2025లో మన జిల్లాలోనే బియ్యమును గురించి, బండి చమురును గురించి ఒక వివాదము చెలరేగిన పిదప ఈ కథ నన్ను విడువకుండ వెంటాడుచున్నది. అందులో ఆశను గూర్చిన నీతి మాత్రమే గాక ఆర్థిక శాస్త్రమును కూడ నిలదీయగల ప్రశ్న ఒకటి గలదని తోచుచున్నది.

ఆ వివాదము పాఠకులలో చాలమందికి తెలిసినదే. జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలములో పెద్దధన్వాడ యను గ్రామము గలదు. అక్కడ ధాన్యము నుండి ఇథనాల్ తయారుచేయు కర్మాగారమును నిర్మింపబూనగా చుట్టుప్రక్కల గ్రామముల రైతులు వ్యతిరేకించిరి. తుంగభద్ర నీరు చెడునని, పొలములు పాడగునని, దుర్గంధము భరింపరానిదగునని వారి భయము. 2025 జూన్ నెలలో ఆ వ్యతిరేకత ఘర్షణగా మారినది. కేసులు పెట్టబడినవి, రైతులు అరెస్టయిరి. అరెస్టయిన రైతులను చేతులకు బేడీలతో ఆలంపురము కోర్టుకు తీసికొనివచ్చిన వార్త రాష్ట్రమంతటా చర్చనీయమైనది. అంతకు ముందు 2023 అక్టోబరులో నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇట్టి కర్మాగారము విషయముననే ఘర్షణ జరిగినది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ప్రజలు రహదారిని దిగ్బంధించగా ప్రభుత్వము అక్కడి పనులను ఆపివేయించినది.

ఘర్షణలో ఎవరు మొదట చేయి చేసికొన్నారన్నది న్యాయస్థానములు తేల్చవలసిన సంగతి. హింసను శరణ ధర్మము ఒప్పదు. నేను విచారింపదలచినది అంతకు వెనుకనున్న ప్రశ్న. భూతాపమును తగ్గించుట మంచి పనియే గదా, ఇథనాల్ కలిపిన పెట్రోలు అందుకు సాధనమని చెప్పుచున్నారు గదా, మరి ఆ మంచి పనికి మన ఊళ్ళలో ఇంత కలహమేల?

మొదట ప్రభుత్వ పక్షమున చెప్పవలసినదానిని చెప్పుదము. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్ళకు పైగా విదేశముల నుండి దిగుమతి యగుచున్నది. ఆ చమురు కొరకు బయటకు పోవు ధనము అపారము. దానిని మండించగా వెలువడు బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించుచున్నది. 2018లో కేంద్ర ప్రభుత్వము జీవ ఇంధన విధానమును ప్రకటించినది. పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఇథనాల్ కలుపవలెనను లక్ష్యమునకు మొదట 2030 గడువు కాగా, 2022లో ఆ గడువును ముందునకు జరిపిరి. 2025లో ఆ లక్ష్యమును చేరుకొన్నారు. చెరకు రైతుకు, మొక్కజొన్న రైతుకు ఒక కొత్త గిరాకి ఏర్పడినది. గిడ్డంగులలో ముక్కిపోవు ధాన్యమునకును, నూకలకును ఒక ఉపయోగము దొరికినది. ఇవన్నియు నిజములే. ముక్కిన బియ్యముతో చమురు చేసినచో దోషమేమున్నది? నా మట్టుకు నాకు అందు దోషము కనిపించదు.

కాని లెక్క అక్కడ ఆగలేదు. ముక్కిన బియ్యము గాక, తినుటకు యోగ్యమైన బియ్యమునే భారత ఆహార సంస్థ గిడ్డంగుల నుండి ఇథనాల్ కర్మాగారములకు ఇచ్చుచు వచ్చిరి. 2023 జూలైలో బియ్యపు కొరత భయముతో దానిని ఆపివేసి, 2024 ఆగస్టులో తిరిగి అనుమతించిరి. 2025 జనవరిలో ఇందుకొరకు నిర్ణయించిన ధర క్వింటాలుకు 2,250 రూపాయలు, అనగా కిలోకు 22 రూపాయల 50 పైసలు. అదే బియ్యమును రైతు వద్ద కొని, మర పట్టించి, మోసి, నిలువచేయుటకు ప్రభుత్వమునకగు ఖర్చు కిలోకు సుమారు 40 రూపాయలు. ఈ రెంటి నడుమనున్న వ్యత్యాసము ప్రజలందరి పన్నుల నుండి వచ్చునదే.

ఇప్పుడు చిన్న గణితము చేయుదము. ఒక టన్ను బియ్యము నుండి వచ్చు ఇథనాల్ సుమారు 450 లీటర్లు. అనగా కిలో బియ్యమునకు అర లీటరు కంటె కొంచెము తక్కువ. ఇథనాల్ లీటరులోని శక్తి పెట్రోలు లీటరులోని శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు. కాబట్టి కిలో బియ్యము సుమారు 300 మిల్లీలీటర్ల పెట్రోలుతో సమానము. లీటరుకు 50 కిలోమీటర్లు నడుచు మోటారు సైకిలు దానితో 15 కిలోమీటర్లు పోవును. గద్వాల నుండి బయలుదేరిన యువకుడు జూరాల ఆనకట్టను చూచి తిరిగి ఇల్లు చేరకముందే ఆ కిలో బియ్యము తీరిపోవును. అదే కిలో బియ్యము ఒక చిన్న కుటుంబమునకు ఒక పూట అన్నము.

బియ్యము వెనుక నీరున్నది. కిలో బియ్యము పండుటకు వాననీరు, కాలువ నీరు, బోరు నీరు అన్నియు కలిపి సుమారు 3,000 లీటర్లు కావలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు లెక్కకట్టుదురు. ఆ లెక్కన బియ్యపు ఇథనాల్ లీటరుకు పొలమున పారిన నీరే ఆరువేల లీటర్లకు పైబడును. నీటి వెనుక విద్యుచ్ఛక్తి యున్నది. జూరాల వెనుక జలాలను నెట్టెంపాడు ఎత్తిపోతలతో మన మెట్ట భూములకు ఎక్కించుచున్నాము. భీమా, కల్వకుర్తి పథకములును అట్లే మోటార్ల బలముతో నడచుచున్నవి. వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఉమ్మడి రాష్ట్రమున 2004లో వచ్చినది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటలు ఇచ్చుట మొదలైనది. ఆ విద్యుత్తులో అధిక భాగము బొగ్గు నుండి పుట్టినదే. ఇక వరిమడిలో నిలిచిన నీటి నుండి మీథేన్ వాయువు వెలువడును. బొగ్గుపులుసు వాయువు కంటె అది ఎన్నో రెట్లు అధికముగా వేడిని పట్టి యుంచును. బొగ్గు కరెంటగుట, కరెంటు నీరగుట, నీరు వరియగుట, వరి తిరిగి చమురగుట! ఇంత దూరము చుట్టి వచ్చిన చమురునకు పచ్చరంగు పూసి శుభ్రమైనదని చెప్పుట సాహసమే.

మన సమాజములో రైసుమిల్లులు నడుపువారున్నారు, ధాన్యపు వ్యాపారులున్నారు, పెట్రోలు బంకుల యజమానులును కలరు. వారికి నా మాటలు రుచింపకపోవచ్చును. వారి వ్యాపారమును నిందించుట నా ఉద్దేశము కాదు. న్యాయముగా చేసిన వర్తకము కూడ కాయకమే. నేను అడుగునది వేరు.

చౌకధరల దుకాణములో పేదకు బియ్యమిచ్చుట సమాజము సమష్టిగా చేయు దాసోహమని నేను భావింతును. పన్ను కట్టిన ప్రతివాడును అందులో ఒక పిడికెడు వేసినవాడే. 2025 ఉగాదికి మన రాష్ట్రమున సన్న బియ్యపు పంపిణీ మొదలైనది. మనుష్యుడు తినునదానిని ప్రీతితో తినునట్లు ఇచ్చుట మంచిదే, హర్షింపదగినదే. ఐతే 40 రూపాయలు ఖర్చైన బియ్యమును 22 రూపాయల 50 పైసలకు చమురు కొరకిచ్చినప్పుడు, ఆ మిగిలిన 17 రూపాయల 50 పైసల దాసోహము ఎవరికి చేసినట్లు? బండికి చేసినట్లు. ఆ బండి ఎవరిది? మన పల్లెలలో రెండు కాళ్ళు తప్ప వాహనములేని కూలివాని సంగతి ఏమి? తాను ఉప్పు, పప్పు, సబ్బు కొన్నప్పుడెల్ల కట్టిన పన్నులోని పైసతో అతడు కారున్నవాని చమురు ఖర్చులో భాగము పంచుకొనుచున్నాడు. దాసోహమున దాత ఎవరో గ్రహీత ఎవరో ఇంతగా తారుమారైన సందర్భము మరొకటి నాకు తోచుట లేదు.

వీరశైవములో పదార్థము వేరు, ప్రసాదము వేరు. లింగమునకు అర్పింపక భుజించునది పదార్థము. అర్పించి, పొందినదానిలో ఒక మెతుకైనను వృథాచేయక స్వీకరించునది ప్రసాదము. వండిన అన్నము రెండుచోట్లను ఒకటే. భేదము స్వీకరించువాని బుద్ధిలో నున్నది. ఇది ఎక్కడిది, ఎవరి చెమట, నాకెంత అవసరము అని అడిగి తీసికొనువాడు ప్రసాది. అన్నము విషయమున మన పెద్దలు ఈ నియమమును ఎంత కఠినముగా పాటించిరో మనకు తెలియును. పళ్ళెము కడిగిన నీటిని కూడ త్రాగిన తాతలను చూచినవారు మనలో ఇంకను కలరు. కాని విద్యుత్తు, పెట్రోలు, గ్యాసు మన ఇండ్లలో ప్రవేశించినప్పుడు వాటికి ఈ నియమము వర్తించునని ఎవరును మనకు చెప్పలేదు. అవి పదార్థములుగనే మిగిలిపోయినవి. మీట నొక్కిన వచ్చును, డబ్బు పారవేసిన దొరకును.

పెట్రోలు లీటరులో దాదాపు తొమ్మిదిన్నర యూనిట్ల శక్తి యున్నది. దేహకష్టము చేయు కూలివాడు దినమంతయు శ్రమించిన చేయగల పని అర యూనిటుకు కొంచెము పైన. ఇంజనులో మూడు వంతులు వేడిగా వృథాపోయినను మిగిలినది నాలుగు రోజుల కూలికి సరి. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్ళు పేని అమ్మి, ఆ వచ్చినదానితో దాసోహము చేసిన శరణుడు. తన కష్టముచే రాని కాసును తాకనివాడు. అట్టి పరంపరకు చెందిన మనము, మన ఊరి వీధి చివరి దుకాణమునకు పోవుటకు ఎవరిదో తెలియని నాలుగు రోజుల కాయకమును పిలుచుకొని పోవుచున్నాము. యంత్రము పాపమని నేననుట లేదు. ఎద్దు మెడపై కాడిని, ఆడుబిడ్డ చంకలోని నీళ్ళ బిందెను తప్పించినది యంత్రమే. ఆ ఋణమును మరువరాదు. ఐనను లక్కమ్మ అడిగిన ప్రశ్న ఉండనే యున్నది.

ఇక పెద్దధన్వాడ వారిని గూర్చి మరొక మాట. అది చమురు మంచిదా చెడ్డదా అను ప్రశ్న కంటె నా మనస్సును ఎక్కువగా కలచినది. పర్యావరణ అనుమతుల నియమములలో పెద్ద కర్మాగారములకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెనని యున్నది. పెట్రోలులో కలుపుటకు మాత్రమే ఇథనాల్ చేయు ధాన్యపు కర్మాగారములను, వ్యర్థజలమును బయటకు విడువమని హామీ ఇచ్చినచో, ఆ సేకరణ అవసరములేని వర్గములో చేర్చుచు 2021లో కేంద్ర పర్యావరణ శాఖ నియమములను మార్చినది. పని త్వరగా కావలెనని ఉద్దేశము. త్వరగా కావలసిన పని గనుక ఊరివారిని అడుగనక్కరలేదని భావము.

కల్యాణపు అనుభవ మంటపములో ఎవరెవరు కూర్చుండిరో స్మరింపుడు. మడివాళ మాచయ్య చాకలి. హరళయ్య చెప్పులు కుట్టువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. అతనిది మన తుంగభద్రయే, ఎగువ తీరము. అల్లమప్రభువు అధ్యక్షుడై, రాజ్యమంత్రియైన బసవేశ్వరుడు సభ్యుడై యుండగా చౌడయ్య నిష్ఠురముగా మాట్లాడిన సందర్భములు కలవు. ఆలస్యమగునని అతని నోరెవరును మూయలేదు. నదిని గూర్చి నిర్ణయించునప్పుడు పడవవానిని అడుగుట ఉపచారము కాదు. నది సంగతి తెలిసినవాడు అతడే. రాజోలి వారికి తుంగభద్ర తెలియును. 2009 అక్టోబరు తొలి దినములలో ఆ నది ఊరిపైకి వచ్చినప్పుడు ఇండ్లతోపాటు మగ్గములను, నూలును, నేసిన చీరలను పోగొట్టుకొన్న నేతగాండ్లు ఆ ఊరివారు. ఆలంపురము మునిగినది, కర్నూలు మునిగినది. ఆ ఒక్క వరదకు భూతాపమే కారణమని నేను చెప్పబోను, చెప్పరాదు. కాని గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి 7 పాళ్ళు అధికముగా తేమను మోయగలదని భౌతిక శాస్త్రము చెప్పుచున్నది. కుండపోతలు పెరుగునన్నది అందుండియే తేలును. 2024వ సంవత్సరమున భూగోళపు సగటు వేడిమి పారిశ్రామిక యుగమునకు ముందటికంటె ఒకటిన్నర డిగ్రీలకు పైబడినదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. కాబట్టి వాతావరణము మారిన నష్టపోవువారిలో రాజోలి వారున్నారు, వాతావరణమును బాగుచేయుదుమని వచ్చిన కర్మాగారపు భారము మోయుమన్న వారిలోను రాజోలి మండలమువారే యున్నారు. రెండు పర్యాయములును వారినెవరును అడుగలేదు.

ఇది మనకు కొత్త కాదు. శ్రీశైలము ఆనకట్ట నీరు 1981లో వెనుకకు ఎగదన్నినప్పుడు కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరుకు పైగా గ్రామములు ఖాళీయైనవి. సుమారు లక్షమంది ఊళ్ళు విడిచిరి. ఆ ఆనకట్టకు కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టు భూగర్భ కేంద్రమున 900 మెగావాట్లు విద్యుత్తు పుట్టించు యంత్రములున్నవి. పొగలేని విద్యుత్తు, సందేహము లేదు. కృష్ణా తుంగభద్రల సంగమమునందలి కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమునకు తెచ్చి తిరిగి నిలిపిరి. చాల శ్రద్ధతో చేసిన పని, చూచిన కన్నుల పండువగును. కొల్లాపురము ప్రాంతపు నిర్వాసితుల కుటుంబములకు ఉద్యోగములిత్తుమని 1986లో 98వ నెంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడినది. ఆ ఉత్తర్వు కాగితమును పట్టుకొని వారి బిడ్డలు దశాబ్దముల తరబడి కార్యాలయముల చుట్టు తిరిగినారు. గుడిని విప్పినవారు ప్రతి రాయికిని అంకె వేసి యుండిరి. ఊళ్ళను విప్పినప్పుడు ఆ అంకెలు వేయుటకు ఎవరికిని తీరిక లేకపోయినది. శరణుల దృష్టిలో రాతి గుడి కంటె నడయాడు మనుష్యుడు మిన్న గదా!

కర్ణాటకములో నారాయణపూర్ ఆనకట్ట జలములు కూడలసంగమము వరకు చేరినప్పుడు, బసవేశ్వరుడు లింగైక్యమందిన చోటు మునిగిపోకుండ దాని చుట్టును బావివలె ఎత్తైన గోడ నిర్మించిరి. మెట్లు దిగి ఆ ఐక్యమంటపమును దర్శించిన భక్తులకు గోడకావల నీటి బరువు తెలియుచునే యుండును. మన గురువు సమాధి కూడ ఒక జలాశయము నడుమనే యున్నది. కనుక ప్రగతి వేరు, మన ధర్మము వేరు, ఆ గొడవ మనకెందుకని వీరశైవుడు అనుటకు వీలులేదు.

ఇక్కడ ఆర్థిక శాస్త్రజ్ఞుల వాదమొకటి చెప్పక తప్పదు. ఎల్లుండి వచ్చు నష్టమును నేటి లెక్కలో ఎంతగా గణింపవలెనన్నది వారి ముఖ్య సమస్య. మనకు వడ్డీ లెక్క తెలిసినదే గనుక ఇది కష్టము కాదు. నూరేండ్ల తరువాత వేయి రూపాయల నష్టము కలుగుననుకొనుడు. 2006లో బ్రిటిష్ ప్రభుత్వమునకు నికొలస్ స్టెర్న్ సమర్పించిన నివేదికలోవలె ఏటికి నూటికి 1.4 చొప్పున తగ్గించుకొనుచు వచ్చినచో దాని నేటి విలువ సుమారు 249 రూపాయలు. అదే నూటికి 5 చొప్పున తగ్గించినచో 7 రూపాయల 60 పైసలు మాత్రమే. మొదటి లెక్క ప్రకారము మునిమనుమని రక్షణకు నేడు 200 రూపాయలు వెచ్చించుట లాభము. రెండవ లెక్క ప్రకారము పది రూపాయలు వెచ్చించుట కూడ దుబారా! ఎక్కువ రేటు వాడవలెనని వాదించిన విలియం నార్డ్‌హాస్ గారికి 2018లో నోబెలు బహుమతి వచ్చినది. ఆయన వాదమునకును బలమున్నది. మన తరువాతివారు మనకంటె సంపన్నులగుదురు, పేదవాడైన తాత ధనికుడగు మనుమని కొరకు పస్తుండనేల అని ఆ వాదపు సారము. దానిని ఎగతాళి చేయరాదు. మన పల్లెలలో నేటి ఆకలియే తీరలేదు.

కాని కేంబ్రిడ్జికి చెందిన ఫ్రాంక్ రాంసే యను యువ మేధావి 1928లోనే ఒక సంగతి గుర్తించెను. ఒక మనుష్యుడు తరువాత పుట్టినాడన్న ఒక్క కారణమున అతని సుఖదుఃఖములను తక్కువగా తూచుట నీతిరీత్యా సమర్థింపరానిదని అతని అభిప్రాయము. సంపద పెరుగునని తగ్గించుట వేరు, దూరమున నున్నాడని తగ్గించుట వేరు. శరణులు పుట్టుకను బట్టి మనుష్యుని తూచరాదనిరి. వారు చెప్పినది ఏ కులమున పుట్టినాడన్న విషయము. ఏ కాలమున పుట్టినాడన్నదానికి కూడ దానిని వర్తింపజేయుట నాకు సహజముగా తోచుచున్నది. ఇరువది ఒకటవ శతాబ్దమున పుట్టినవానికి గింజ, ఇరువది రెండవ శతాబ్దమున పుట్టువానికి పొట్టు అనుటకు మనకు హక్కు ఎక్కడిది?

దేశముల నడుమ కూడ ఈ తూకమే యున్నది. మన దేశమున తలకు ఏటా సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అమెరికాలో పదునాలుగు టన్నుల ప్రాంతము. మనలను నియమము పాటింపుమని వారు బోధించునప్పుడు కోపము వచ్చుట సహజము. ఆ కోపము న్యాయమైనదే. ఐతే మనదేశపు రెండు టన్నులు సగటు లెక్క. హైదరాబాదులో మూడు కార్లున్న ఇంటివాడును, గట్టు మండలములో పత్తి విత్తన చేనులో పరాగ సంపర్కము చేయు కూలి పిల్లయు కలిసిన సగటు అది. ప్రపంచసభలో ఆ పిల్ల పేదరికమును చూపి, ఇంటికి వచ్చి మూడవ కారు కొనుట ధర్మము కాదు.

మన మఠముల మాట చెప్పి విరమింతును. శ్రావణ మాసములో, జాతర దినములలో మన దాసోహశాలలలో వేలమందికి వంట జరుగును. ఆ వంటకు కట్టెలెన్ని, గ్యాసు బండలెన్ని, వడ్డింపులో పారవేసిన అన్నమెంత అని వ్రాసి యుంచు మఠములు ఎన్ని? ఖర్చు పుస్తకములో రూపాయలుండును, బండల లెక్క ఉండదు. ఈ లెక్క వ్రాయుట మొదలిడినచో ఎండ ఎక్కువగా కాయు మన సీమలో కప్పుపై సౌర పలకలు ఎన్ని కావలెనో, ఆవిరి పొయ్యి ఉపయోగమో కాదో తెలియును. లెక్క లేకుండ పలకలు బిగించుట కూడ మరియొక ఆడంబరమే యగును. ఆనకట్ట కట్టినను, సౌర పలకలు పెట్టినను ఎవరి భూమియో పోవుననుట మరువరాదు. కప్పుకు ఆ చిక్కు లేదు.

రెండవది. ఇంధన పథకములకు సంబంధించిన అనుమతి పత్రములు ఎక్కువగా ఆంగ్లములోనే యుండును, ఊరివారికి తెలియు నాటికి పునాది గుంటలు త్రవ్వబడును. మఠములకు చదువుకొన్న శిష్యులున్నారు, సభ చేర్చగల మంటపములున్నవి, అన్ని కులములవారును వచ్చి కూర్చుండగల గౌరవమున్నది. ఒక పథకము ఏ ఊరికి వచ్చుచున్నదో, ఎంత నీరు తీసికొనునో, ఏమి విడుచునో ఆ పత్రములను తెలుగులోనికి తెచ్చి, పంట కోతల తీరికలో ఒక సాయంకాలము చదివి వినిపించినచో చాలును. ఔననవలెనో కాదనవలెనో మఠము చెప్పనక్కరలేదు. మొదటి సభను తుంగభద్ర ఒడ్డుననే, రాజోలి ప్రాంతముననే పెట్టుట యుక్తమని నాకు తోచుచున్నది. చేపలు పట్టువారిని, నేతగాండ్లను, కౌలు రైతులను ముందువరుసలో కూర్చుండబెట్టవలెను. కర్మాగారము తరఫువారిని కూడ పిలువవలెను. వారికిని ఆ పూట దాసోహములో విస్తరి వేయవలెను.